పెండ్లికూతురి చేతి పూలచెండు

వివాహము నిశ్చయమైన యింట ముహూర్తము, మంగళసూత్రములు, పట్టుచీరలు, భోజనములు మున్నగునవి తీర్మానమైన పిదప నేటి కాలమున ఒక ప్రశ్న మిగిలియుండును. పెండ్లికూతురు చేతిలో ఏమి పట్టుకొనవలెను? పూర్వము ఈ ప్రశ్న పుట్టెడిది కాదు. ఏమి పట్టించవలెనో ఇంటి పెద్దముత్తైదువలకు తెలిసియుండెను. నేడు హోసూరులో గాని, మధురలో గాని, బెంగుళూరు, బరంపురము, షోలాపురములలో గాని, తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు ముహూర్తమునకు ముందో తరువాతో రిసెప్షను అను విందుసభను జరుపుచున్నవి. ఆ సభకు వధువు చేతికి పూలగుత్తి కావలెను. దానిపేరు బొకే. గుండ్రనిదా, జాలువారునదా, చేతిమీద పండబెట్టు మోపువంటిదా? గులాబియా, మల్లెయా? పూలంగడివాడు బొమ్మలు చూపును. ఇంటివారు తమలో తాము తర్కించుకొందురు.

ఈ తర్కము పైకి అల్పముగా దోచును. కాని తెలుగు చదువు తగ్గి, ఉత్తరములు సైతము స్థానిక భాషలోనో ఇంగ్లీషులోనో వ్రాసికొను కుటుంబములలో తెలుగు మాటలు నిలిచియున్న తావులు మిక్కిలి కొలది. వంటయిల్లు ఒకటి, పెండ్లిపందిరి ఒకటి. జడ, బాసికము, తలంబ్రాలు, చెండు అను మాటలు వస్తువులతో కలిసి బ్రదుకుచున్నవి. వస్తువు మారినచో మాటకు నిలువ నీడలేదు. కనుక వధువు చేతి పూలకథ కొంత భాషాచరిత్ర కూడ.

మన వధువు చేయి ఎన్నడును వట్టిది కాదు. తెలుగుదేశపు సంప్రదాయమున గౌరీపూజ ముగిసిన పిదప మేనమామ ఆమెను బుట్టలో కూర్చుండబెట్టి పందిరిలోనికి తెచ్చునప్పుడు ఆమె రెండుచేతులలో అలంకరించిన కొబ్బరిబోండము ఉండును. దానికి పసుపు కుంకుమలు పూసి, పూలు చుట్టుదురు. వివాహానంతరము వధూవరులచే ఆడించు వేడుకలలో పూలచెండ్లాట యొకటి. దారముతో గట్టిగా చుట్టిన పూల ఉండను ఇరువురును ఒకరిపై నొకరు విసరుకొనుట ఈ యాట. తమిళుల వివాహములలోను పూచ్చెండు అను వస్తువు కలదు. పేరొక్కటే, రూపమును దాదాపు ఒక్కటే. చెండు అను మాట తెలుగు, తమిళ, కన్నడములు మూడింటికిని ఉమ్మడి సొత్తు. పొరుగునేలకు వలసపోయిన తెలుగువారికి ఈ మాటను విడువవలసిన యవసరము ఏనాడును రాలేదు.

వధువును, పూలను, తెలుగును, అరవదేశమును ఒక్కచో చేర్చిన కథ గోదాదేవి కథ. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆ కథను తెలుగున ప్రబంధముగా రచించి దానికి ఆముక్తమాల్యద యని పేరిడెను. తాను ధరించి విడిచిన మాలను స్వామికి సమర్పించినది యని ఆ పేరునకు భావము. కథాస్థలమగు శ్రీవిల్లిపుత్తూరు నేటి విరుదునగరము జిల్లాలో నున్నది. ఆ ప్రాంతమున విజయనగర, మధుర నాయకరాజుల కాలములలో దిగివచ్చిన రాజులు, కమ్మవారు, రెడ్లు నేటికిని ఉన్నారు. రాజపాళయము రాజుల సంగతి అందరెరిగినదే. 1623 నుండి 1659 వరకు మధురను పాలించిన తిరుమలనాయకుని పేరిట శ్రీవిల్లిపుత్తూరున సైతము ఒక మహలు కలదు.

అచ్చటి ఆండాళ్ళమ్మ ధరించిన మాల తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు పంపబడుచున్నది. చైత్రోత్సవమున మధురలో వైగై నదిలో దిగు అళగరుస్వామికిని ఆమె మాలయే అలంకారము. ఇంతకంటె మన విషయమునకు దగ్గరగా నున్నది మరియొకటి కలదు. అమ్మవారి యెడమచేతిలో ఒక చిలుక యుండును. అది లోహముతో చేసినది కాదు. ప్రతిదినము పచ్చని ఆకులతో దేహమును, దానిమ్మపూవుతో ముక్కును, వెదురు పుల్లలతో కాళ్ళను అమర్చి గంటలకొలది శ్రమించి క్రొత్తగా చేయుదురు. పెండ్లికూతురి చేతిలో ఆకులతోను పూలతోను కూర్చిన వస్తువును పట్టించుట సీమనుండి దిగుమతియైన వేడుక యని తలచువారు శ్రీవిల్లిపుత్తూరు చిలుకను చూడవలెను.

అయినను తెలుగు వధువు పూలలో అగ్రస్థానము చేతిది కాదు, జడది. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తన జడను తెరపై వేసి సవాలు చేయుట ప్రసిద్ధము. జడయే ఆమె అభిమానము, జడయే ఆమె ధ్వజము. పెండ్లినాటి పూలజడను కుట్టుట ఒక విద్య. అరటిపట్టను గాని దళసరి గుడ్డను గాని జడ పొడవునకు కత్తిరించి, విడువని మల్లెమొగ్గలను కాడలు లోపలికి ఉండునట్లు సూదితో వరుసలు కుట్టి, నడుమ నడుమ కనకాంబరములు, మరువము, గులాబీలు అమర్చుదురు. మొగలిరేకులు దొరికినచో వానిని మడిచి చేర్చుట పాతకాలపు గౌరవము. పని అంతయు మొగ్గ విచ్చుటకు ముందే ముగియవలెను.

ఈ కడపటి నియమములోనే వలస చరిత్ర దాగియున్నది. మల్లె సాయంకాలమున విచ్చును. ఉదయముననే కోసిన మొగ్గలను మధ్యాహ్నమునకు కుట్టినచో చీకటి పడువేళకు జడయంతయు ఒక్కసారిగా విచ్చి పరిమళించును. తెలుగుదేశమున రాత్రి ముహూర్తములు విశేషము గనుక పూవును పెండ్లియు ఒకే గడియారమును అనుసరించినట్లుండెను. తమిళదేశమున పెండ్లిండ్లు సాధారణముగా ప్రాతఃకాలమున జరుగును. అచ్చట స్థిరపడి ఆ వాడుకను గైకొన్న తెలుగింటి వధువు తెల్లవారుజామున పీటలపై కూర్చుండునప్పటికి రాత్రి విచ్చిన మల్లె వడలిపోవుటకు సిద్ధముగా నుండును. అందుచే జడలో మల్లె వంతు తగ్గి, వాసన లేకున్నను త్వరగా వాడని కనకాంబరము వంతు హెచ్చుట సహజము. దీనిని అరవ అభిరుచి యని నిందించుట సరికాదు; ముహూర్తము మారెను, పూవు మారెను. ముందునాటి సాయంకాలము జరుగు రిసెప్షను సభయే నేడు మల్లెకు తన వేళను తిరిగి ఇచ్చినది. పెద్దలు మెచ్చని ఆ సభ వలన కలిగిన మేలు ఇదియొకటి.

స్థిరపడిన చోటు మల్లెయే వధువు మల్లె యగును. రేకులు దళసరియై చాలసేపు నిలుచు మధుర మల్లెకు 2013లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. అంతకు ముందే కన్నడదేశమున మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలు మూడును ఆ గుర్తింపును పొందినవి. ఉడుపి మల్లెను అమ్ముటలో ఒక వింత కలదు. అచ్చట కొలత చెండు. సుమారు 800 పూలు కట్టినది ఒక చెండు. నాలుగు చెండ్లు ఒక అట్టె. మన యింట వాడుక తగ్గుచున్న మాట అచ్చట ప్రతిదినము ధరవరలలో మ్రోగుచున్నది.

అంగడిలో పేర్ల చిక్కు ఇంకను రసవత్తరము. తెలుగువాడు తమిళనాట పూలంగడికి పోయి సంపెంగ కావలెనన్నచో వానికి దొరకునది సంపెంగ కాదు. అచ్చట సంబంగి యనిన మనము లిల్లీపూవు అనునట్టి రజనీగంధ. మన సంపెంగను వారు శెణ్బగమందురు. అదే తెలుగువాడు బెంగుళూరు అంగడిలో అడిగినచో సంపిగె యని సరియైన పూవునే ఇత్తురు. రజనీగంధకు అచ్చట సుగంధరాజ యని పేరు. తెలుగున చెండు పూలనిన చెండుగా కట్టిన పూలని అర్థము కావచ్చును గాని కన్నడమున చెండుహూవు అనిన బంతిపూవే. తమిళులు బంతిని చెండుమల్లి యందురు. మహారాష్ట్రులు ఝేండూ అందురు. మనము మాత్రము బంతి యందుము. బంతి యన్నను చెండు అన్నను అర్థమొకటే యగుట గమనింపదగినది. ఆ పూవు అమెరికా ఖండమునుండి వచ్చినది. దానిని చూచిన తెలుగువాడును కన్నడిగుడును దాని ఆకారమునుబట్టి వేరువేరు మాటలతో ఒకే పేరు పెట్టిరి. కనకాంబరము మహారాష్ట్రమున ఆబోలి. మల్లె అచ్చట మోగరా. షోలాపురపు తెలుగు ఇల్లాలు రెండు పేర్లును ఎరిగియుండవలెను. అంగడిలో ఒకటి, ఇంటిలో ఒకటి.

లలాటమును గూర్చి ఒక మాట. బాసికము మన వధూవరులకు ముఖ్యము. మహారాష్ట్రుల ముండావళి, ఒడియా వారి సోలబెండు మకుటము బాసికమునకు పొరుగువస్తువులు. ఇరుగుపొరుగుల వస్తువులు నుదుటివద్దనే ఇంతగా తారసిల్లుచుండగా చేతి విషయమున మాత్రము పోటీ దూరదేశమునుండి వచ్చినది.

అది ఇంగ్లండు. అచ్చటి వధువులు సువాసనగల ఆకులను, పూలను చిన్నగుత్తిగా పట్టుకొనుట పాతవాడుకయే గాని దానికి నేటి ప్రాభవము విక్టోరియా రాణి కాలమున కలిగెను. 1840 ఫిబ్రవరి 10న జరిగిన తన వివాహమున ఆమె శిరస్సున నారింజ పూల కిరీటమును ధరించెను. 1858లో ఆమె పెద్దకుమార్తె వివాహమునాటి గుత్తిలో మిర్టిలు అను సుగంధపు మొక్క రెమ్మను చేర్చిరి. నాటినుండి ఆ రాజవంశపు వధువుల గుత్తులలో ఆ రెమ్మ తప్పనిసరియైనది. ఆ శతాబ్ది చివర గుత్తి పెద్దదై, రిబ్బనులతోను తీగలతోను మోకాళ్ళవరకు జాలువారుట మొదలయ్యెను. 1981లో డయానా వివాహచిత్రములు లోకమంతట ప్రచారమైన పిదప జాలువారు గుత్తి మరల వేలంవెర్రియైనది. నేటి అంగళ్ళలో చూపు బొమ్మలు పెక్కు ఆ వంశములోనివే.

మన దేశమున ఈ గుత్తి మొదట చర్చి పెండ్లిండ్లలో కనబడినది. క్రైస్తవులైన తెలుగు కుటుంబములకు ఇది క్రొత్త వేడుక కాదు; వారి యిండ్లలో పాత ఛాయాచిత్రములను చూచినచో వధువు చేతిలో గుత్తియు, తలలో మల్లెలును కలసియే యుండుట కలదు. యానాము సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. 18వ శతాబ్ది ప్రథమపాదమునుండి 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న ఆ ఊరిలో 1846లో కట్టిన చర్చి కలదు. బొకే యను మాట పుట్టుకచే ఫ్రెంచి మాట. అయినను అది తెలుగునకు యానాము రేవున దిగలేదు. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వచ్చినది. యానాము పెండ్లిండ్లకు వేరు కారణమున పేరుపొందెను. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1930లో బ్రిటిషు సీమలో అమలునకు వచ్చినప్పుడు, ఆ చట్టము చెల్లని యానామునకు పొరుగుజిల్లాలవారు పిల్లలను తెచ్చి పెండ్లిండ్లు చేసిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చెను. ఆ పందిళ్ళలో జడ బరువునకు తల నిలుపలేని పెండ్లికూతుళ్ళు ఎందరో! పూల వైభవము పాడుకొనువారు ఈ సంగతి మరువరాదు.

ఇక గుత్తికి కావలసిన గులాబి యెచ్చటిది? దాని సమాధానము తెలుగువారికి మిక్కిలి సమీపముననే యున్నది. 1443లో విజయనగరమును దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాకు ఆ నగరమున ఎటు చూచినను గులాబీలు అమ్ముచుండిరనియు, అచ్చటివారు గులాబిని అన్నముతో సమానమైన అవసరముగా ఎంచిరనియు వ్రాసియుంచెను. నేడు ఆ స్థానము హోసూరునకు దక్కినది. 1956లో రాష్ట్రములు భాషలనుబట్టి పునర్విభజింపబడినప్పుడు మదరాసు రాష్ట్రమున నిలిచిపోయిన ఈ మొరసునాటి గడ్డపై తెలుగు, కన్నడ, తమిళములు మూడును వీధిలో వినబడును. సేలము జిల్లాలోనుండి 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును మారినది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తు, చల్లని వాతావరణము గులాబికి అనుకూలించినవి. ఆముదగొండపల్లి వంటి, పేరు వినగనే తెలుగు చెవికి చుట్టరికము తోచు పల్లెలలో పాలిథీను పందిళ్ళ క్రింద గులాబీలను పెంచి, మొగ్గగానే కోసి, శీతలగృహములలో నుంచి, విదేశములకు సైతము ఎగుమతి చేయుచున్నారు. వానిలో తాజమహల్ అను ఎర్రని రకము ప్రసిద్ధము. ఫిబ్రవరి 14వ తేది వారికి పంటల పండుగ. హోసూరు గులాబి ఏ దేశపు పెండ్లికూతురి చేతనైనను ఉండవచ్చును. దానిని కోసిన కూలి తెలుగులో పిల్లను పిలుచుచుండును. కనుక బొకేను పరాయిదని త్రోసివేయుటకు హోసూరు తెలుగువానికి నోరాడదు. అతని బ్రతుకుతెరువే అది.

త్రోసివేయవలసిన పనియును లేదు. ఏ రకమును ఎన్నుకొనవలెనన్నది వధువు ధరించు తక్కిన పూలనుబట్టి తేలును. జాలువారు గుత్తి తెల్లగౌను కొరకు పుట్టినది. గౌనుపై వేరు పూలుండవు గనుక అచ్చట అది శోభించును. మన వధువు మెడలో దండ, వెనుక జడ, నడుమున వడ్డాణము, క్రింద పట్టుచీర జరీ అంచు. వీనిమీద తీగలు జాలువార్చినచో దండయు గుత్తియు ఒకదానినొకటి మరుగుపరచును. కుచ్చిళ్ళ యందము పోవును. చేతిమీద పండబెట్టు మోపువంటి గుత్తి గాజులకు తగిలి నలుగును. అతిథులకు నమస్కరించుటకు అడ్డు. గుండ్రని చిన్న గుత్తి ఒక్కటే మన వేషమునకు ఒదుగును. ఆ గుండ్రని గుత్తి మరేదియు కాదు, కాడలున్న చెండు!

పూరకముగా వేయు సీమ గడ్డిపూలకు, ఫెర్నులకు మారుగా మరువము, దవనము చేర్చినచో పచ్చదనము, పరిమళము రెండును సమకూరును. కేవలము తెల్లపూల గుత్తికి పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. తెలుపు మనకు అమంగళము కాదు. మధుపర్కములు తెల్లనివే, వానికి ఎర్రని అంచు ఉండును. మల్లెమొగ్గల నడుమ హోసూరు ఎర్రగులాబియో, కనకాంబరమో చుట్టు అంచుగా పేర్చినచో గుత్తి మధుపర్కమునకు జోడుగా నుండును. కాడలను ప్లాస్టికు పిడిలో గ్రుచ్చుటకంటె తడిపిన అరటినారతో కట్టుట మేలు. దండ కట్టువారు ఎవరైనను ఆ పనిని గడియలో చేయగలరు. వారికి బొకే యని చెప్పినచో బొమ్మ చూపుమందురు. చెండు కట్టుమనినచో, వారు తమిళులైనను కన్నడిగులైనను, బొమ్మ యడుగరు. అయితే బెంగుళూరులో మల్లెచెండు అని స్పష్టముగా చెప్పవలెను. లేనిచో బంతిపూలు తూచి ఇచ్చెదరు.

వేడుక ముగిసిన పిదప పూల గతి ఏమి? ఐరోపా వధువు తన గుత్తిని వెనుకకు తిరిగి అవివాహిత కన్యలపైకి విసరును. పట్టుకొన్నదానికి త్వరలో పెండ్లి యగునని నమ్మకము. 1923లో ఇంగ్లండు రాజకుమారుని పెండ్లాడిన ఎలిజబెత్ బోవెస్ లయన్ తన గుత్తిని చర్చిలో అజ్ఞాత సైనికుని సమాధిపై ఉంచెను. మొదటి ప్రపంచయుద్ధమున ఆమె సోదరుడొకడు మరణించియుండెను. పిమ్మట ఆ వంశపు వధువులు తమ గుత్తులను ఆ సమాధికి పంపుట ఆచారమైనది. మన యిండ్లలో పెండ్లిపూలను త్రొక్కుడుపడనీయక పారునీట విడుతురు, లేదా చెట్టుమొదట నుంచుదురు. జడను విప్పునప్పుడు మిగిలిన మొగ్గలను పందిరిలోని పేరంటాండ్రు తలా నాలుగు తురుముకొందురు. వధువు ధరించి విడిచిన పూవు గనుక దానిని కోరి అడిగి పుచ్చుకొందురు.